రెండు ఉగాదుల గడువు

ఆమె జ్ఞాపకార్థ కూడికలో నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచి, "మంచి పొరుగు" అని కూర్చున్నాను. నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు ఆమె చేయించిన కాన్పుల గురించి చెప్పారు. పాస్టరుగారు ఆమె విశ్వాసం గురించి చెప్పారు. అవన్నీ నిజాలే. రంపం మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆమె తలపుకొస్తే నాకు ముందు కనిపించేది ఆ రంపమే. జానెడు పిడి ఉన్న మడత రంపం. దాన్ని పాత ఇంజెక్షను ట్రేలో, దూది పక్కన, స్పిరిటు సీసా పక్కన పెట్టుకునేది.

మా వీధి ఆమెను నర్సమ్మ అనేది. నేను సిస్టర్ అనేవాణ్ణి. ఆమె నన్ను మాస్టారూ అనేది, నేను కాలేజీలో పాఠం చెప్పడం మానేసి ఏళ్ళయినా సరే. మాచర్లలోనూ క్రోసూరులోనూ ఆసుపత్రుల్లో పనిచేసి, రిటైరయ్యాక నరసరావుపేటలో మా ఎదురింటికి వచ్చింది. జీవితం గురించి ఆమె నాకు ఇంతకంటే చెప్పలేదు, నేను అడగలేదు.

ఎవరైనా చెట్టు చూసి పెట్టమని పిలిస్తే, వెళ్ళి ముందు కుర్చీ అడిగేది. చెట్టుకు కాస్త ఎడంగా వేయించుకుని కూర్చునేది. టీ ఇస్తే తాగేది. లేచి చుట్టూ ఒకసారి తిరిగి మళ్ళీ కూర్చునేది. పిలిచినవాళ్ళకు విసుగొచ్చేది.

"ఏ కొమ్మ కొట్టమంటావో చెప్పు నర్సమ్మా."

"కొట్టకపోతే ఏమౌద్ది?"

ఈ ప్రశ్నకు చాలామంది గుబురుగా ఉందనో, పక్కింటివాళ్ళు కొట్టించారనో అనేవారు. "అయితే ఊరుకో" అని లేచి వచ్చేసేది. ఎడ్లపాడు నుంచి ఒక రైతు జామతోట చూడమని కారు పంపించి మరీ పిలిపించుకున్నాడు. రోజంతా తోటలో తిరిగి ఎండిన కొమ్మలు నాలుగైదు తీసేసి, ఒకదానికొకటి ఒరుసుకుంటున్న కొమ్మల్లో ఒకదాన్ని తీసేసి, "మిగతాదాని జోలికి పోమాక" అని చెప్పి వచ్చింది. దీనికా ఇంత దూరం పిలిపించిందని ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడట. ఆ సంగతి నాకు చెప్పి తెగ నవ్వింది. "రంపం పట్టుకొచ్చినదాన్ని గదా, దబదబా కొట్టేస్తే సంతోషపడేవాడు."

కోసేటప్పుడు మాత్రం వేరే మనిషి. మాట ఉండదు. ఒక చెట్టు అయ్యాక ఇంకో చెట్టు దగ్గరికి పోయే ముందు స్పిరిటుతో రంపం తుడిచేది. కొమ్మ మొదట్లో, మానుకు అతుక్కున్న చోట, బొటనవేలుతో నొక్కి తడిమేది. అక్కడ చిన్న ఉబ్బు ఉంటుంది. దాన్ని ఆమె మెడ అనేది. మెడను వదిలి, దాని అంచునే కోయాలి. మానుకు ఆనించి నున్నగా కోస్తే మెడ తెగిపోతుంది. దూరంగా కోస్తే మొండి ముక్క, మోటు, మిగిలి, ఎండి, లోపలికి కుళ్ళు తీసుకుపోతుంది. ఈ రెండు తప్పులూ చేసేవాళ్ళను ఆమె తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. మెడ దగ్గర సరిగ్గా కోసిన చోట ఏడాదికి చుట్టూ కొత్త బెరడు చేతిగాజులాగా పైకి లేచేది. ఆ గాజును చూపించడం ఆమెకు ఇష్టం. వీధిలో పోతూ పోతూ ఆగి, "చూడండి మాస్టారూ, ఎట్టా మూసుకుంటందో" అనేది. అది తను కోసిన కోతే అని కూడా తప్పకుండా చెప్పేది. వినయం ఆమె గుణాల్లో లేదు.

"మానుతోంది" అని ఒకసారి నేనన్నాను.

"మానదు. మనిషి పుండు మానుద్ది. చెట్టు పుండు మానదు, మూసుకుంటది. లోపల ఆ పుండు అట్టాగే ఉంటది, చెట్టు దాన్ని చుట్టేసి పెరుగుద్ది."

ఆ మాట నన్ను పట్టుకుంది. చదివే అలవాటు ఉన్నవాడికి ఇలాంటి మాట దొరికితే ఊరుకోడు. "మనుషుల్లోనూ కొన్ని అంతే కదా సిస్టర్" అన్నాను. ఆమె నావైపు జాలిగా చూసింది.

"చెట్టు సంగతి చెట్టుకి, మనిషి సంగతి మనిషికి మాస్టారూ. రెండూ కలిపితే రెండూ చెడతయ్."

అప్పటినుంచి కలపడం మానేశాను. ఇక్కడ కూడా కలపను.

ఏటా ఒక ఆదివారం పాస్టరుగారు ద్రాక్షతీగను కత్తిరించడం గురించి ప్రసంగం చేసేవారట. ఒక ఏడు ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆయన్ని పట్టుకుంది. "ప్రసంగం బాగుంది అయ్యగారూ. చర్చి ముందు అశోకచెట్ల తలకాయలు కొట్టించిందెవరు?" ఆయన కంగారుపడి, క్రిస్మస్ నక్షత్రం రోడ్డు మీదికి కనపడటం లేదని కమిటీవాళ్ళు కొట్టించారని చెప్పారు. "నక్షత్రం కనపడాలంటే నక్షత్రాన్ని పైకి కట్టాలి గానీ చెట్టుని కిందికి దించుతారా?" మరుసటి ఏడు ఇంకో వెదురు బొంగు కట్టి నక్షత్రాన్ని ఎత్తు చేశారు. చెట్లు మాత్రం తలలు లేకుండానే పక్కలకు గుబురుగా పెరిగి చీపురుకట్టల్లా ఉన్నాయి. వాటి ముందునుంచి నడిచేటప్పుడు ఆమె మొహం తిప్పుకునేది.

ఇంత తెలిసిన మనిషి చేతిలో కుండీలో మొక్క బతికేది కాదు. తులసి, గులాబి, చివరికి కలబంద కూడా చచ్చేది. నీళ్ళు ఎక్కువ పోసేది. ఎందుకు పోస్తున్నారంటే, "ఎదురుగా కూచుంటే పొయ్యబుద్ధవుద్ది" అనేది.

ఇదంతా ఆమెకు ఎలా పట్టుబడింది అంటే, ఒక నిమ్మచెట్టును చంపి. ఆ కథ సిగ్గు లేకుండా అందరికీ చెప్పేది. మాచర్లలో క్వార్టర్స్ వెనక నిమ్మచెట్టుకు కొమ్మ ఒకటి విరిగింది. ఆమె ఆ కొమ్మను మానుకు ఆనించి కోసి, పసుపు పెట్టి, దాని మీద దూది పెట్టి, గాజుగుడ్డతో కట్టు కట్టింది. అది తడిసిపోకుండా పైన ప్లాస్టిక్ కవరు కూడా చుట్టింది. "కట్టు కట్టడంలో నన్ను మించినోళ్ళు ఆ ఆసుపత్రిలో లేరు. అంత చక్కంగా కట్టా. లోపల నీళ్ళు నిలిచి, కుళ్ళి, రెండేళ్ళకి చెట్టు పోయింది. ఊరికే వదిలేసినా బతికేది." ఆ తర్వాత ఉద్యానవన శాఖలో పనిచేసే ఒకాయన ఆసుపత్రికి వస్తే, ఆయన బీపీ చూస్తూ చూస్తూ ఈ విద్య అంతా రాబట్టిందట. చెప్పేదాకా చేతికి కట్టిన పట్టీ విప్పలేదట. ఇది ఎంతవరకు నిజమో నాకు తెలియదు.

ఇక వేపచెట్టు సంగతి. ఆమెను నేను సరిగ్గా చూసింది అక్కడే.

ఆమె ఇంటికీ పక్కనున్న కోటేశు ఇంటికీ మధ్య, వీధి అంచున ఒక పాత వేపచెట్టు ఉంది. కోటేశు ఆటో నడుపుతాడు. తల్లీ కొడుకులిద్దరే. ఇల్లు రేకుల షెడ్డు. తల్లికి ఆయాసం. ఎండాకాలం ఆ రేకుల కింద ఆమె ఉండలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేపచెట్టు కింద నులకమంచం మీదే ఆమె ఉండటం.

కిందటేడు, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ అయిన వారానికి, గాలి కూడా లేని మధ్యాహ్నం ఒక లావు కొమ్మ విరిగి ఆ మంచం మీద పడింది. మంచం కోడు విరిగింది. కోటేశు తల్లి అప్పుడే మంచినీళ్ళకని లేచి లోపలికి వెళ్ళింది. లేకపోతే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

సాయంత్రానికి కోటేశు కట్టెల అడితి ఆయన్ని తీసుకొచ్చాడు. మొదలుదాకా కొట్టేయాలని బేరం. నర్సమ్మ గేటు తీసుకుని వచ్చింది. నేనూ వెళ్ళాను.

"ఒరేయ్ కోటేశూ, ఎందుకు పడిందో చూసినావా?"

"పడింది. ఎందుకు పడితే ఏంది నర్సమ్మా? మాయమ్మ సచ్చిపోయేది."

ఆమె పడిన కొమ్మ మొదలు పట్టుకుని తిప్పింది. లోపల గోధుమరంగు పొడి రాలింది. "ఇది ఇయ్యాలది కాదు. ఎన్నో ఉగాదుల పాపం ఇది."

అది నిజం. మా వీధిలో ఉగాది తెల్లవారుజామున వేపపువ్వు కోసం దోటీలు తెచ్చి, అందిన కొమ్మకు తగిలించి గుంజేవారు. కొమ్మ తెగదు, చీరుకుంటుంది. దాంతోపాటు మాను మీది బెరడు కూడా బారెడు ఊడి వస్తుంది. పచ్చడికి గుప్పెడు పువ్వు చాలు, కానీ కొమ్మ మొత్తం ఇంటికి పోయేది. కొందరికి గుమ్మానికి కట్టుకోవడానికి కూడా కావాలి. చీరిన చోట వాన నీరు దిగి, కుళ్ళి, పైకి పచ్చగా కనపడుతూనే కొమ్మ లోపల డొల్లవుతుంది.

"నాకు ఇయ్యన్నీ చెప్పమాక" అన్నాడు కోటేశు. "ఇంకా ఎన్ని కొమ్మలు ఇట్టా ఉన్నయ్యో ఎవురికి తెలుసు?"

"నాకు తెలుసు. మూడు. రెండు చిన్నయ్, ఒకటి మంచం మీదుగా నీ షెడ్డువైపుకి పోయింది, లావుది. అయ్యి తీస్తే చెట్టుకి ఇంకో యాభై ఏళ్ళు ఢోకా లేదు."

"అయితే మూడూ తీసెయ్ రేపే."

"ఒక్కసారే అంత పచ్చిది తీస్తే చెట్టు బెదురుద్ది. తీసిన చోటల్లా గుబురుగుబురుగా కొత్త కొమ్మలు పుడతయ్. ఆటికి మానులో పట్టు ఉండదు. పదేళ్ళకి అయ్యి పడతయ్ నెత్తిన. రెండు చిన్నయ్యి ఈ ఉగాదికి, లావుదాన్ని సగానికి. మిగతా సగం ఆ పై ఉగాది. రెండు ఉగాదులు ఆగు."

"ఆగుతా. మధ్యలో పడితే?"

అడితి ఆయన నవ్వాడు. నర్సమ్మ తలెత్తి ఆ లావు కొమ్మను చూసింది. పడదు అని చెప్పగలిగిన మనిషి, చెప్పలేదు. ఇన్నేళ్ళూ జబ్బు మనుషుల దగ్గర పనిచేసినందువల్ల కావచ్చు, తెలియనిదాన్ని తెలుసని ఆమె అనలేదు.

"మీయమ్మ మంచం షెడ్డులో వేసుకో. నేను కూచుంటా ఆడ" అంది.

కోటేశు చెట్టువైపు, ఆమెవైపు చూశాడు. "సరే నీ ఇష్టం. రెండు ఉగాదులే. ఆ తర్వాత నా మాటే."

ఆ ఉగాదికి తెల్లారకముందే వీధివాళ్ళు దోటీలతో వచ్చేసరికి చెట్టు కింద కుర్చీ వేసుకుని ఆమె ఉంది. కోటేశు నిచ్చెన మీద ఉన్నాడు. "దోటీలు అవతల పెట్టండమ్మా. పువ్వు నేనిస్తా, ఉండండి" అంది. పైకి చూస్తూ కోటేశుకు చెప్పింది: ముందు మెడకు మూరెడు దూరంలో కింద నుంచి కొంచెం కోత. తర్వాత దానికి ఇంకొంచెం అవతల, పై నుంచి కోత. కొమ్మ బరువు అక్కడ విరిగి పడుతుంది, బెరడు చీరుకోదు. ఆ మిగిలిన మోటును అప్పుడు మెడ దగ్గర నిదానంగా తీయాలి.

"ఒక్క కొమ్మకి మూడు కోతలా? మంగలాయన కూడా ఇన్ని తిప్పలు పడడు" అన్నాడు కోటేశు పై నుంచి.

"నీ జుట్టు మళ్ళీ మొలుస్తది నాయనా. కొయ్యి."

కోసిన కొమ్మల నిండా పువ్వే. దాన్ని ఆమె చేటలో దూసి గుప్పెడు గుప్పెడు అందరికీ పంచింది. చర్చికి పోయే మనిషి వీధి మొత్తానికి ఉగాది పువ్వు పంచుతుంటే చూడటానికి బాగుంది. మధ్యాహ్నానికి ఏడెనిమిది ఇళ్ళ పచ్చడి ఆమె ఇంటికి చేరింది. అన్నీ రుచి చూసి, నా భార్యను పిలిచి, "చేదు తగ్గించావేమే, నేనిచ్చిన పువ్వు ఏం చేశావ్?" అని అడిగింది.

తర్వాత ఆమె మాట ప్రకారం కూర్చుంది. మంచం ఉండే చోట, సగం మిగిలిన ఆ లావు కొమ్మ కింద, ప్లాస్టిక్ కుర్చీ. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక వచ్చేది. బీపీ మిషను ఒళ్ళో పెట్టుకునేది. వీధిలో ముసలీ ముతకా అక్కడికే వచ్చి చేయి చాపేవారు. నేను పుస్తకం పట్టుకుని కొంచెం అవతలగా కూర్చునేవాణ్ణి. నిజం చెప్పాలంటే కొమ్మ కింద కాకుండా కూర్చునేవాణ్ణి. ఆమె అది గమనించింది.

షెడ్డులో కోటేశు తల్లి ఉడికిపోయేది. లోపలినుంచే కేకేసేది. "అక్కా, నువ్వు హాయిగా నీడలో కూచుంటివి, నేనేమో పెనం మీద అట్టులాగా ఉన్నా. వాడికి చెప్పవే."

"నేను చెప్పను. వాడి భయం వాడిది. అందులో తప్పేముంది?" అనేది ఆమె. వెళ్ళి తడిగుడ్డ ఆమె మెడ మీద వేసి, ఫ్యాను తనింట్లోది తెచ్చి పెట్టి వచ్చేది. తనను నమ్మమని మాత్రం కోటేశును ఒక్కసారి కూడా అడగలేదు.

వానాకాలంలో పెద్ద గాలి ఒకటి వచ్చింది. బొల్లాపల్లి రోడ్డున స్తంభాలు వాలిపోయాయని చెప్పుకున్నారు. మా వేపచెట్టు ఊగి ఊరుకుంది. రెమ్మలు రాలాయి, కొమ్మ పడలేదు. తెల్లారి కోటేశు కింద నిలబడి చూసి, "నర్సమ్మ కూచుంటదని దానికి భయం" అన్నాడు. అంతకుమించి మెచ్చుకోలేదు. మంచం బయటికి తేలేదు.

రెండో ఉగాదికి నాలుగు నెలల ముందు ఆమె పోయింది. రెండు రోజులు జ్వరం, మూడో రోజు ఆసుపత్రిలో. కోటేశు ఆటోలోనే తీసుకెళ్ళాం. దారిలో ఆమె చెట్టు మాట ఎత్తలేదు. ఆసుపత్రిలో తనకు ఎక్కిస్తున్న సెలైను చుక్కలు సరిగ్గా పడటం లేదని అక్కడి నర్సును మందలించింది. నేను విన్న ఆమె చివరి మాటలు అవే.

మొన్న ఉగాదికి ముందురోజు అడితి ఆయన వచ్చాడు. నర్సమ్మ పోయిందని విన్నాడట. గడువు కూడా అయిపోయింది. నేను మా వరండాలో కూర్చుని ఉన్నాను. ఇది కోటేశు ఇష్టం. షెడ్డు అతనిది, తల్లి అతనిది. నేను అడ్డం చెప్పదలచుకోలేదు. ఆమె అయినా చెప్పేది కాదు. అయినా చేతిలో ఉన్న పుస్తకంలో ఒక్క ముక్క ఎక్కలేదు.

"ఏరా, మనుషుల్ని తీసుకురమ్మంటావా?" అన్నాడు అడితి ఆయన.

కోటేశు ఆటో తుడుస్తున్నాడు. "వద్దులే బాబాయ్. ఒక్క కొమ్మ ఉంది. రేపు నేనే తీసుకుంటా."

"నీకేం చేతనవుద్దిరా? చీరుకొచ్చి షెడ్డు మీద పడుద్ది."

"కింద నుంచి ముందు కోత పెడితే చీరుకోదు."

"అబ్బో, డాక్టరువైపోయినావే."

"డాక్టర్ని కాదులే. నర్సమ్మ పక్కింటోణ్ణి."

మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేశాడు. తాడు ఒక కొన కొమ్మకు కట్టి, రెండో కొన నా చేతికిచ్చాడు. వీధిలోవాళ్ళు చేటలు పట్టుకుని దూరంగా నిలబడ్డారు. మొదటి కోత, రెండో కోత అయ్యాయి. కొమ్మ తాడుకు వేలాడి, మెల్లగా నేలకు దిగింది. మోటు మిగిలింది. కోటేశు రంపం ఆనించి, ఆగి, కిందికి చూశాడు.

"సార్, మెడ ఇక్కడేనా? ఇంకొంచెం బయటికా?"

"నాకు తెలియదు కోటేశూ" అన్నాను. నిజంగానే తెలియదు. ఇన్నాళ్ళు విన్నాను తప్ప ఒక్కసారి కూడా తడిమి చూడలేదు.

అతను రంపం చంకలో పెట్టుకున్నాడు. మోటు మొదట్లో బొటనవేలుతో నొక్కుతూ, చుట్టూ తడుముతూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది. అక్కడ కోశాడు.

దిగేసరికి ఆడవాళ్ళు పువ్వు దూసుకుంటున్నారు. షెడ్డులోంచి అతని తల్లి తనే మంచం ఈడ్చుకుంటూ వస్తోంది. ఆయాసంతో నాలుగు అడుగులకోసారి ఆగుతోంది. కోటేశు అడ్డం పోలేదు. తలెత్తి చెట్టును మొదటినుంచి పైదాకా చూశాడు. ఒక వైపు చూసి, అటు తిరిగి రెండో వైపు కూడా చూశాడు. తర్వాత వెళ్ళి ఆమె చేతిలోంచి మంచం తీసుకుని చెట్టు కింద వేశాడు.

ఆమె పడుకుంది. కొమ్మ తీసేసిన సందులోంచి ఎండ ఆమె మొహం మీద పడింది.

"ఇంకొంచెం లోపలికి జరపరా, కళ్ళల్లో కొడతంది."

కోటేశు మంచాన్ని మాను దగ్గరికి జరిపాడు.